బస్సెక్కినోడిది ఏ పార్టీ?

హుజూరాబాద్: 2025 అక్టోబరు మధ్యలో ఒక ఉదయం. బస్టాండు దగ్గరి హోటల్లో పేపరు ఎప్పటిలాగే నాలుగు ముక్కలై నాలుగు బల్లల మీద ఉంది. మొదటి పేజీలో పెద్దపల్లికి చెందిన మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు మహారాష్ట్రలోని గడ్చిరోలిలో లొంగిపోయిన వార్త. ఆయన ఇల్లు, చదువు, అడవి బాట పట్టిన వైనం, 2011 నవంబరులో పశ్చిమ బెంగాల్ అడవిలో చనిపోయిన అన్న కోటేశ్వరరావు అలియాస్ కిషన్‌జీ సంగతులు చాయ్ తాగుతూ అందరూ చదువుకున్నారు. నలభై ఏళ్ళుగా ఈ జిల్లాను కుదిపిన కథ ముగింపుకు వచ్చిందని ఒకరన్నారు. ఇంకా ఉందని ఇంకొకరన్నారు.

మూల బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన పేపరు మడిచి పెట్టి అడిగాడు.

"గిన్ని ముచ్చట్లు రాసిండ్రు గదా బిడ్డా, చర్లపల్లి రైలు ముచ్చట ఎక్కడన్న ఉన్నదా?"

ఎదుట కూర్చున్న కాలేజీ కుర్రాడికి అర్థం కాలేదు. "చర్లపల్లి అంటే కొత్త టెర్మినలే గదా తాతా? మొన్న జనవరిల మోదీ ప్రారంభం చేసిండు."

పెద్దాయన ఇంకేమీ అనలేదు. కుర్రాడు చెప్పింది తప్పు కాదు. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైంది. ఇప్పుడు చాలా రైళ్ళు అక్కడి నుంచే బయలుదేరుతున్నాయి. కానీ ఉత్తర తెలంగాణలో యాభై దాటిన వారికి చర్లపల్లి అంటే ఇంకో సంగతి గుర్తుకు వస్తుంది. ఆ తేదీ 1990 అక్టోబరు 10.

ఆ హోటల్లో ఆనాడు మొదలైన వాదన చాలా దూరం వెళ్ళింది. ప్రాణం పోయిన ప్రయాణికుడికి ఎవరు జవాబుదారీ, అతని గురించి పేపర్లు ఏం రాశాయి, ఏం రాయలేదు అన్నదే ఆ వాదన. ఈ జిల్లాలో ఇది కొత్త వాదన కాదు. బస్టాండుల్లో, రైల్వేస్టేషన్లలో, జమ్మికుంట పత్తి మార్కెట్లో గొంతు తగ్గించుకుని చాలా ఏళ్ళు మాట్లాడుకున్నదే. గొంతు పెంచి మాట్లాడే వీలు మాత్రం ఇప్పుడే దొరికింది.

బోగీలో చిక్కిన వాళ్ళు

కాకతీయ రైలు అంటే కాజీపేట మీదుగా సికింద్రాబాదు వెళ్ళే సామాన్యుల బండి. సర్కారు ఆఫీసుల్లో పనులున్న వారు, ఆసుపత్రికి పోయేవారు, కూలి వెతుక్కుంటూ పట్నం పోయేవారు, చుట్టాల ఇంటికి పోయేవారు ఎక్కే బండి. హుజూరాబాదుకు రైలు లేదు. ఇక్కడి వారు జమ్మికుంటలోనో, కాజీపేటలోనో రైలెక్కాలి. కాజీపేట దాటాక దారి ఒక్కటే. జనగామ, ఆలేరు, భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్, చర్లపల్లి. అందుకే ఆ రైలు వార్త వచ్చినప్పుడు ఈ ప్రాంతంలో ప్రతి ఊరూ ముందు తన మనుషులను లెక్క పెట్టుకుంది.

ఆ రోజు చర్లపల్లి వద్ద తీవ్రవాదులు రైలుకు నిప్పు పెట్టారు. 40 మందికి పైగా ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. పీపుల్స్‌వార్ పేరు వినిపించింది. చనిపోయిన వారిలో దొరలు లేరు, మంత్రులు లేరు, పోలీసు అధికారులు లేరు. టికెట్టు కొనుక్కుని కూర్చున్న వాళ్ళు.

రైలు బోగీ ఎలా ఉంటుందో తెలిసిన వారికి ఆ మరణం ఎలాంటిదో వేరే చెప్పనక్కర లేదు. కిటికీలకు అడ్డంగా ఇనుప చువ్వలు. దిగాలంటే బోగీ చివర్ల ఉన్న తలుపులే దారి. నడవా నిండా సంచులు, మూటలు, కూర్చున్న మనుషులు. పెట్రోలు ఒలికితే దాని ఆవిరి ముందుగా పరుచుకుంటుంది. అగ్గిపుల్ల గీసినప్పుడు అంటుకునేది ఒలికిన చోటు ఒక్కటే కాదు, ఆ ఆవిరి నిండిన చోటంతా. తలుపు దగ్గర మంట ఉంటే ఇక దారి లేదు. నిప్పు పెట్టినవాడి మనసులో ఏమున్నా పెట్రోలు తన పని తాను చేస్తుంది.

ఆ రోజుల్లో ఊళ్ళో ఫోను అంటే పోస్టాఫీసులోనో, పెద్ద సావుకారు ఇంట్లోనో ఉండేది. ట్రంకాల్ బుక్ చేసి గంటల కొద్దీ కూర్చోవాలి. పట్నం పోయిన మనిషి క్షేమంగా చేరాడో లేదో తెలియాలంటే రేడియో వార్తలు వినాలి, లేదా మరునాటి పేపరు రావాలి. రేడియో సంఖ్య చెబుతుంది, పేర్లు చెప్పదు. పేపరు వచ్చే బస్సు కోసం జనం బస్టాండులో నిలబడటం ఆనాటి వారికి తెలిసిన దృశ్యమే.

పేపరు కూడా ముందుగా చెప్పేది సంఖ్యనే. ఇంతమంది మృతి, ఇంతమందికి గాయాలు. ఆ తర్వాత ముఖ్యమంత్రి ఖండన, ప్రతిపక్షాల ఖండన, ఎక్స్‌గ్రేషియా. మర్నాటికి పోలీసుల గాలింపు. నాలుగో నాటికి ఇంకో వార్త. ఏ దుర్ఘటనకైనా ఇదే వరస. చనిపోయిన మనిషి ఎందుకు బయలుదేరాడు, చేతి సంచిలో ఏముంది, ఇంటి దగ్గర ఎవరు ఎదురుచూస్తున్నారు అన్నది వార్తలోకి రావటం ఆనాడు అరుదు. స్థలం లేక కొంత, అలవాటు లేక కొంత.

వార్త ఎక్కేదీ ఆ బస్సే

ఈ జిల్లాలో పేపరుకూ బస్సుకూ ఉన్న చుట్టరికం ఇప్పటి వారికి చెబితే నమ్మరు. సెల్‌ఫోను, ఇంటర్నెట్ రాకముందు పల్లె విలేకరి వార్త తెల్ల కాగితం మీద రాసి, కవరులో పెట్టి, పైన 'వార్తలు, అత్యవసరం' అని రాసి, కరీంనగర్ పోయే ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికో, కండక్టరు చేతికో ఇచ్చేవాడు. అక్కడి బస్టాండులో పేపరు మనిషి వచ్చి తీసుకునేవాడు. బస్సు తప్పితే వార్త రేపటికి పడుతుంది. టైరు పంక్చరైతే ఎల్లుండికి. తెల్లవారి పేపరు కట్టలు కూడా బస్సు మీదనే వచ్చేవి. టాపు మీంచి కట్ట కింద పడితే ఊరికి లోకం తెలిసేది.

అంటే బస్సు తగలబడితే వార్త రాసినవాడి కవరూ కాలిపోవచ్చు. బంద్ అయితే బస్సు లేదు, వార్తా లేదు. వార్తా ప్రపంచం మొత్తం నాలుగు చక్రాల మీద తిరిగిన కాలం అది.

ఇక్కడే ఒక చేదు సంగతి ఉంది. బంద్ పిలుపు ఇచ్చిన నాడు అది ఎంత జరిగిందని పేపర్లు దేనితో కొలిచేవి? బస్సులతోనే. 'ఆర్టీసీ బస్సులు డిపోలకే పరిమితం, బంద్ సంపూర్ణం' అని రాస్తే పిలుపు ఇచ్చిన వారిది పైచేయి. 'బస్సులు యథావిధిగా తిరిగాయి, బంద్ పాక్షికం' అని రాస్తే సర్కారుది పైచేయి. దుకాణాలు ఎన్ని మూశారు, బడులు ఎన్ని నడిచాయి అన్నది తర్వాతి వాక్యం. కాలిన బస్సు ఫొటో అయితే మొదటి పేజీ ఖాయం. ఇది చూసినవాడికి ఏం అర్థమవుతుంది? బస్సు మీద చెయ్యి వేస్తే పేరు వస్తుందని అర్థమవుతుంది. బస్సులు తగలబెట్టింది పేపర్లు కావు, నిజమే. కానీ బంద్ కొలబద్దగా బస్సును నిలబెట్టిన చేతుల్లో పేపరు చెయ్యి కూడా ఉంది. ఆనాడు డెస్కులో కూర్చున్న వారిలో ఎందరికి ఈ ఆలోచన తట్టిందో గానీ, పల్లెలో కవరు పట్టుకుని బస్సు కోసం నిలబడ్డవాడికి మాత్రం తట్టకుండా ఉండదు.

'ప్రయాణికులను దింపివేసి...'

'సాయుధులైన తీవ్రవాదులు బస్సును ఆపి, ప్రయాణికులను దింపివేసి, పెట్రోలు పోసి నిప్పంటించారు. ఎవరికీ గాయాలు కాలేదు.' 1980లు, 1990లలో ఈ వరస వాక్యాలు కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ జిల్లాల పేజీల్లో ఎన్నిసార్లు వచ్చాయో లెక్క లేదు. ఊరి పేరు, తేదీ మార్చితే సరిపోయేంతగా అలవాటైన వార్త.

ఎవరికీ గాయాలు కాలేదు అన్నది నిజమే. కానీ వార్త అక్కడ ఆగితే కథ అక్కడ ఆగదు. బస్సులోంచి దిగిన వాళ్ళు ఎక్కడికి పోయారు? రాత్రి పూట దారి మధ్యలో చంటిపిల్లతో దిగిన తల్లి ఎన్ని మైళ్ళు నడిచింది? ఆసుపత్రికి పోతున్న ముసలమ్మ ఏమైంది? తెల్లవారి పరీక్ష ఉన్న పిల్లవాడు రాశాడా? సామాను తీసుకునే వ్యవధి అందరికీ దొరికిందా? ఇవేవీ వార్త కాలేదు. బస్సు ఖరీదు లక్షల్లో రాశారు. దిగిన వాళ్ళను సంఖ్యగా కూడా రాయలేదు.

తర్వాత జరిగింది ఇంకా పెద్ద నష్టం. లోపలి పల్లెల్లో రాత్రి నిలిచే బస్సులుండేవి. నైట్‌హాల్ట్ అంటారు. డ్రైవరు, కండక్టరు ఊళ్ళోనే పండుకుని తెల్లారగట్ల బండి తీసేవారు. పాలవాళ్ళు, కూరగాయలు అమ్మేవాళ్ళు, కోర్టుకు పోయేవాళ్ళు, బడి పిల్లలు దాని మీదనే ఆధారపడేవారు. భయంతో చాలా ఊళ్ళకు ఆ బస్సు ఆగిపోయింది. ఆ ఊళ్ళు ఎవరి పక్షాన పోరాడుతున్నామని పార్టీలు చెప్పాయో ఆ పేదల ఊళ్ళే. సావుకారుకు జీపు ఉంటుంది. కూలివాడికి బస్సే దిక్కు.

బస్సును ఎందుకు ఎంచుకున్నారన్న దానికి ఆనాడు ఒక జవాబు ఉండేది. అది సర్కారు ఆస్తి, దాన్ని కొడితే సర్కారుకు దెబ్బ అని. ఊళ్ళలో దీన్ని ఒప్పుకున్న వారూ ఉన్నారు, కాదనలేం. దొరల గడీల ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన తరానికి, 1978 తర్వాత జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో కూలి పెరగటం, వెట్టి పోవటం కళ్ళారా చూసిన తరానికి ఆ పార్టీ మీద ఉన్న నమ్మకం బస్సు కాలినంత మాత్రాన పోలేదు. సర్కారు ఆ రెండు తాలూకాలను 1978లోనే కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఇవన్నీ చూసినవారు తగలబడ్డ బస్సును చిన్న సంగతిగా చూశారు. చర్లపల్లి తర్వాత అలా చూడటం కష్టమైంది. ప్రయాణికులను దింపకముందే మంట లేస్తే ఏమవుతుందో అప్పటికి తెలిసిపోయింది.

ఇరవై ముగ్గురు, ఇద్దరు

మూడేళ్ళు తిరగకముందే ఇంకో బస్సు కాలింది. అది ఈ జిల్లాలో కాదు, గుంటూరు జిల్లాలో. అందులో రాజకీయం కూడా లేదు. 1993 మార్చి 8న చిలకలూరిపేట వద్ద ఆర్టీసీ బస్సులో దోపిడీకి దిగిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పంటించటంతో 23 మంది ప్రయాణికులు చనిపోయారు. తీవ్రవాదుల పని కాకపోయినా ఇక్కడ చెప్పుకోవటానికి కారణం ఉంది. ప్రయాణికుడి మరణం మీద తెలుగునాట అంత పెద్ద బహిరంగ చర్చ జరిగింది ఆ కేసులోనే.

ఆ ఇద్దరికీ ఉరిశిక్ష పడింది. సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. నిందితులు పేద దళిత యువకులు, చంపాలన్న ఉద్దేశం వారికి లేదు, ఉరి తీయరాదు అని పౌరహక్కుల సంఘాలు, రచయితలు ఉద్యమించారు. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి కూడా గొంతు కలిపారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ కాలంలో ఉరి యావజ్జీవంగా మారింది.

ఉరి వద్దనటం తప్పు కాదు. ప్రాణానికి ప్రాణం తీసే చట్టం వద్దనే వారి మాటలో బలం ఉంది. కానీ ఆ చర్చ ముగిసే సరికి ఇద్దరి పేర్లు దేశమంతా తెలిశాయి. 23 మంది పేర్లు తెలిసిన వారు వారి ఊళ్ళలో తప్ప ఎక్కడా లేరు. ఉరి వద్దన్న వారూ, ఉరి తీయాలన్న వారూ ఇద్దరూ ఆ ఇరవై ముగ్గురినీ వాదనకు వాడుకున్నవారే. ఇందులో పేపర్ల పాత్ర తక్కువేం కాదు. పేరున్నవాడు కథ అవుతాడు, పేరు లేనివాడు అంకె అవుతాడు.

అన్నలా, తీవ్రవాదులా

పేపరులో ఏ మాట రాయాలన్నది ఈ జిల్లాలో చాలాకాలం ప్రాణం మీదికి వచ్చే సంగతి. 'నక్సలైట్లు' అంటే మధ్యస్థం. 'తీవ్రవాదులు' అంటే సర్కారు మాట. 'ఉగ్రవాదులు' అంటే పోలీసుల మాట. 'విప్లవకారులు' అంటే పార్టీ మాట. 'అన్నలు' అంటే ఊరి మాట. పల్లె విలేకరి 'అన్నలు' అని రాస్తే ఠాణాకు పిలుపు రావచ్చు. 'ఉగ్రవాదులు' అని రాస్తే తలుపు సందులోంచి చీటీ పడవచ్చు. మధ్యలో పడి నలిగిన మాటే 'గుర్తు తెలియని సాయుధులు'. ఊరందరికీ గుర్తు తెలిసిన వాళ్ళను పేపరు ఒక్కటే గుర్తు పట్టకపోవటం చదివేవారికి నవ్వు తెప్పించేది. రాసేవాడికి నవ్వు వచ్చేది కాదు.

1992 మేలో పీపుల్స్‌వార్‌ను సర్కారు నిషేధించింది. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం నిషేధాన్ని పొడిగించలేదు. 1996లో చంద్రబాబు ప్రభుత్వం మళ్ళీ పెట్టింది. నిషేధం ఉన్నప్పుడు ఆ పార్టీ ప్రకటన అచ్చేస్తే చిక్కు, అచ్చేయకపోతే ఇంకో చిక్కు. ప్రకటన వేయకపోతే 'మా మాట ఎందుకు రాలేదు' అని కబురు. పోలీసుల మాట అనుమానంతో రాస్తే 'నీవు ఎటువైపు' అని ప్రశ్న. ఎదురుకాల్పుల వార్తల్లో పోలీసులు చెప్పింది చెప్పినట్టు అచ్చయిన రోజులు ఎన్నో. 'పోలీసుల కథనం ప్రకారం' అని ఒక ముక్క చేర్చితే అదే ధైర్యంగా లెక్క. రెండు పక్కల నుంచీ వచ్చిన కాగితాల మధ్య మూడో కాగితం రాయాల్సినది బస్సెక్కిన వాడి తరఫున. వాడు ప్రకటన పంపడు, ప్రెస్‌మీట్ పెట్టడు.

ప్రయాణికులు గాయపడినా, చనిపోయినా కొన్నాళ్ళకు 'పొరపాటు జరిగింది, చింతిస్తున్నాం' అన్న తరహా ప్రకటన రావటం తీవ్రవాద ఉద్యమాల్లో తరచూ చూసేదే. అది లోపలి పేజీలో, నాలుగు లైన్లలో, సింగిల్ కాలంలో పడుతుంది. చింతిస్తున్నామన్న మాటకు విలువ లేదనటం సరి కాదు. అసలు ఆ మాట కూడా అనని సర్కార్లు, పోలీసు శాఖలు ఉన్నాయి. అయితే ఆ చింత ఎవరికి చేరింది? చనిపోయినవాడి ఇంటికి ఆ పేపరు వెళ్ళిందా? వెళ్ళినా చదివి చెప్పేవారు ఉన్నారా? హోటల్ వాదనలో ఒకరు ఇదే అడిగారు. 'పొరపాటు అంటే లెక్కల తప్పు గాదు గదా' అని ఆ మనిషి అన్న మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు.

దంతెవాడ బస్సు, బెంగాల్ రైలు

2010 మే నెలలో పదకొండు రోజుల తేడాతో రెండు ఘటనలు దేశాన్ని ఊపేశాయి. వాటి గురించి ఈ ప్రాంతంలో జరిగినంత చర్చ మిగతా జిల్లాల్లో జరిగి ఉండదు. అప్పటికి ఇక్కడ ఉద్యమం తగ్గిపోయింది. కానీ అక్కడ నడిపిస్తున్న వారిలో ఈ జిల్లా మనుషులున్నారు.

మే 17న ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతంలో చింగవరం వద్ద ఒక ప్రైవేటు బస్సును మావోయిస్టులు మందుపాతరతో పేల్చారు. 30 మందికి పైగా చనిపోయారు. బస్సులో ప్రత్యేక పోలీసు అధికారులుగా తీసుకున్న గిరిజన యువకులు ఉన్నారు. మామూలు ప్రయాణికులూ ఉన్నారు. సాయుధులను మామూలు బస్సులో ఎక్కించి ప్రయాణికులను డాలుగా వాడుకున్నారని ఒక పక్క అంది. పౌరులున్నారని తెలిసి కూడా పేల్చారని ఇంకో పక్క అంది. టీవీల్లో రెండు రోజులు ఇదే.

ఈ వాదన మన వారికి తెలియనిది కాదు. ఒకప్పుడు మఫ్టీలో పోలీసు బస్సెక్కితే పక్క సీటువాడికి చెమట పట్టేది. సెలవు మీద ఊరికి పోతున్న కానిస్టేబుల్ తన పెట్టెలో యూనిఫాం అడుగున దాచుకునేవాడు. కండక్టరుకు అతను ఎవరో తెలుసు, అడగడు. అతనికి కండక్టరుకు తెలుసునని తెలుసు, చెప్పడు. ఆ కానిస్టేబుల్ కూడా ఎక్కువసార్లు ఇదే ప్రాంతపు రైతు కొడుకు, ఇంటర్ ఫెయిలయ్యో పాసయ్యో ఉద్యోగంలో చేరినవాడు. అతనూ టికెట్టు కొన్న ప్రయాణికుడే గదా అంటే ఏం చెప్పాలి? చింగవరం గిరిజన యువకుల సంగతీ అంతే. వారి చేతికి తుపాకి ఇచ్చింది సర్కారు, బస్సెక్కించిందీ సర్కారే. బాధ్యత మందుపాతర పెట్టినవాడితో మొదలై అక్కడికీ వస్తుంది.

మే 28న అర్ధరాత్రి దాటాక పశ్చిమ బెంగాల్‌లో ఖేమాశులి, సర్దిహా స్టేషన్ల మధ్య జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. ఎదురుగా వచ్చిన గూడ్సు బండి ఆ బోగీలను ఢీకొట్టింది. దాదాపు 150 మంది చనిపోయారు. ముందు బాంబు పేలుడు అన్నారు. తర్వాత పట్టాలను పట్టి ఉంచే క్లిప్పులు తీసేశారని తేలింది. మావోయిస్టులకు దగ్గరగా ఉన్న పోలీసు అత్యాచారాల వ్యతిరేక ప్రజా కమిటీ మనుషుల పనే అని దర్యాప్తు సంస్థలు కేసు పెట్టాయి. మావోయిస్టులు తమకు సంబంధం లేదన్నారు. ఆ ప్రాంతంలో ఆనాడు ఆ పార్టీకి ముఖ్యుడు పెద్దపల్లి కోటేశ్వరరావే. కెమెరాకు వీపు తిప్పి, తలకు గుడ్డ చుట్టుకుని ఆయన మాట్లాడే తీరు అప్పటికే దేశమంతా చూసింది. టీవీ చానెళ్ళకు ఆయన వీపు దొరికింది గానీ, బోగీల్లో చిక్కుకున్నవారి ముఖాలు ఒకటి రెండు రోజులకు మించి దొరకలేదు.

చర్లపల్లి నాటికి పేపరు, రేడియో. జ్ఞానేశ్వరి నాటికి ఇరవై నాలుగు గంటల టీవీ. వార్త వేగం పెరిగింది. సంఖ్య క్షణాల్లో వస్తోంది. ఎవరు చేశారన్న వాదన గంటల్లో మొదలవుతోంది. ప్రయాణికుడు మాత్రం 1990లో ఉన్న చోటనే ఉన్నాడు.

అడిగిన వాళ్ళు లేకపోలేదు

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదంటే అన్యాయం. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో 1997లో ఏర్పడిన పౌర స్పందన వేదిక ఇరుపక్షాలనూ నిలదీసింది. శంకరన్‌ను 1987లో తూర్పు గోదావరి జిల్లా గుర్తేడు వద్ద పీపుల్స్‌వార్ వారే ఎత్తుకుపోయి తర్వాత వదిలేశారు. అయినా ఆ మనిషి ఎన్‌కౌంటర్ల గురించి సర్కారును, సామాన్యుల ప్రాణాల గురించి పార్టీని ఒకే గొంతుతో అడిగాడు. సీనియర్ పత్రికా సంపాదకుడు పొత్తూరి వెంకటేశ్వరరావు ఆ వేదికలో ఉన్నారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో సర్కారుకూ నక్సలైట్లకూ చర్చలు జరగటానికి వెనుక వీరి కృషి ఉంది. ఆ చర్చలు నిలవలేదన్నది వేరే సంగతి.

పౌరహక్కుల ఉద్యమంలోనే ఇదే ప్రశ్న మీద చీలిక వచ్చింది. రాజ్యహింసను మాత్రమే ప్రశ్నించాలా, ఉద్యమాల హింసను కూడా ప్రశ్నించాలా అన్న చర్చ సంవత్సరాల తరబడి నడిచింది. వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో ఒకప్పుడు లెక్కలు చెప్పిన కె. బాలగోపాల్ రెండోది కూడా అడగాల్సిందే అన్నారు. 1998లో ఆయనా, ఆయనతో ఏకీభవించినవారూ మానవ హక్కుల వేదికను ఏర్పాటు చేశారు. సర్కారు తప్పును ఎత్తి చూపేందుకు బాలగోపాల్‌కు ఎంత ధైర్యం ఉందో ఇక్కడివారికి చెప్పనక్కర లేదు. ఆయన్ను పోలీసుల పక్షమని అనటం ఎవరి వల్లా కాదు. అలాంటి మనిషి అడిగాడు కాబట్టే ఆ ప్రశ్నకు బరువు వచ్చింది. ఆయన 2009 అక్టోబరులో కన్నుమూశారు.

వీరంతా పట్నం సభల్లో అడిగారు. పల్లెల్లో అడగటానికి చాలా ఏళ్ళు పట్టింది.

హోటల్లో వాదన తెగలేదు. తుపాకి దించినవాణ్ణి పాత లెక్కలు అడగటం న్యాయమా అని ఒకరు. తుపాకి ఉన్నప్పుడు అడగలేదు, దించాకన్నా అడగొద్దా అని ఇంకొకరు. మరి ఎన్‌కౌంటర్ల లెక్క ఎవరిని అడగాలి, ఆ తుపాకి ఇంకా దించలేదు గదా అని మూడో మనిషి. మూడు మాటలూ నిజమే కావటంతో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇంతలో వరంగల్ బస్సు వచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగింది.

పెద్దాయన లేచాడు. మనుమరాలు హైదరాబాదులో చదువుతోంది, ఆమెకు బియ్యం సంచి ఇచ్చి రావాలి. కాజీపేటలో రైలు పట్టుకుంటానన్నాడు. కుర్రాడు సంచి అందుకుని బస్సు దాకా మోశాడు.

"తాతా, రైలు చర్లపల్లిల ఆగుతదా?"

"ఆగుతది బిడ్డా. ఆగినప్పుడల్ల కిటికీల నుంచి బయటికి చూస్త."

కండక్టరు రైట్ అన్నాడు. బస్సు ఎల్కతుర్తి రోడ్డు ఎక్కింది.